అడుగు వరుస అరటికాయలు

అట్టపెట్టె మూత తీయగానే పచ్చి అరటి వగరు వాసన గుప్పుమంటే నాకు ఇప్పటికీ సామ్యూల్ గారే గుర్తొస్తారు. ఈ ఎడారి దేశంలో, సల్మాబాద్‌లోని మా గోదాములో అరటిని మగ్గబెట్టే చల్లగదులకు ఆయన సూపర్‌వైజర్, కోనసీమ మనిషి. ఎవర్నీ నమ్మరు. పైవరుస ఎంత నిగనిగలాడినా సరే, చెయ్యి అడుక్కి పోనిచ్చి అక్కడి కాయ విరిచి చూడాల్సిందే. నేను కొత్తగా చేరినప్పుడు నా టిఫిన్ డబ్బా వంక కూడా అనుమానంగానే చూసేవారు. ఒళ్లు మండిపోయేది.

మా పెట్టెలు కోస్టారికాలోని కరీబియన్ ఒడ్డు నుంచి వచ్చేవి. వయసులో ఉండగా ఓడల్లో పనిచేసిన సామ్యూల్ గారు ఆ తీరం చూశారట. ఏడాది పొడవునా వానలేనని, ఎటు చూసినా అరటితోటలేనని, ఆ తోటలూ రేవూ లేకపోతే అక్కడ పొయ్యి వెలగదని చెప్పేవారు. ఇక్కడి ఎండకు మాడిపోతున్న నాకు ఆ వానల మీద మనసు పడింది.

సరిగ్గా అప్పుడే పనివాళ్లం ఉండే మా క్యాంపుకు ఓ ఏజెంటు వచ్చాడు. ఆ తోటల్లోనే పనట. ఇక్కడ రాజీనామా చేసి పాస్‌పోర్టు తన చేతిలో పెడితే చాలన్నాడు. ఆ తోటలదేనంటూ ఓ ఫొటో పంపాడు. కాలువ మీద పిట్టగోడ విరిగిన వంతెన, పక్కన తోట, సైకిలుకు కట్టిన అరటిగెలలు. నేను ఎగురుకుంటూ పోయి సామ్యూల్ గారికి చూపించాను.

ఆయన ఫొటోను పెద్దది చేసి మూలమూలా చూశారు. “అక్కడ గెలకి నీలం సంచి తొడుగుతారు మల్లేశం. ఇనపతీగకి వేలాడదీసి షెడ్డుకి లాక్కెళ్తారు. సైకిలెక్కడిదిరా? ఇది మా ఊరి వంతెన.”

అరికాలి మంట నెత్తికెక్కింది, అదీ ఆయన మీద. నేను పోతే చల్లగదుల్లో మనుషులు చాలరు మరి. “నన్ను ఆపెతందుకే గిట్ల చెప్తున్నరా సార్?” అని అడిగేశాను.

మొదటిసారి నవ్వారు. “అయ్యుండొచ్చు. నా మాటకీ అడుగు వరుస తీసి చూడు. అక్కడ పనిచేసేవాడు ఒక్కడితో ఫోన్ చేయించమను.”

అదే అడిగాను. రేపు చేయిస్తానన్న ఏజెంటు ఫోన్ మర్నాటి నుంచి మోగలేదు. పాస్‌పోర్టు ఇచ్చేసి ఉంటే ఏ గంగలో కలిసేవాణ్ణో.

కొన్నాళ్లకు సామ్యూల్ గారు ఉద్యోగం చాలించి ఇంటికెళ్లిపోయారు. ఆయన పని ఇప్పుడు నాది. మొన్న ఆయనో ఫొటో పంపారు. అదే కాలువ, అదే విరిగిన పిట్టగోడ. కళ్లు చెమర్చాయి. అయినా చెయ్యి ఊరుకోలేదు, “నిజంగ మీ ఊరేనా సార్?” అని రాశాను.

వెంటనే వీడియో కాల్ వచ్చింది. ఆ వంతెన మీదే నిలబడి ఉన్నారు, గొడుగు పట్టుకుని, వానలో.