అత్తగారి మాత్రల డబ్బా

అత్తగారు మగమనిషే. నిండుగా మీసం ఉంది. కరెంటు తీగలకు పెద్ద పెద్ద టవర్లు నిలబెట్టే ముఠాలో ఫిట్టరు. తుపాకులూ మలేరియా రెండూ విచ్చలవిడిగా తిరిగే దేశానికి కంపెనీ ఆ ముఠాను పంపినప్పుడు, అక్కడ ఆయన పెట్టిన ఆరళ్లు భరించలేక ముఠావాళ్లు పెట్టిన పేరది.

"మూత బిగించి ఉన్న సీసా నీళ్లే కొనండి. లేదంటే మరగబెట్టుకోండి. ఐసు జోలికి పోవద్దు. చీకటి పడకముందే క్యాంపుకొచ్చెయ్యండి. వీధిలో జనం గుమిగూడితే తమాషా చూస్తూ నిలబడకండి, వచ్చిన దారినే వెనక్కి తిరగండి."

"నీళ్లు మరిగాయి అత్తగారూ, వేలు పెట్టి చూసుకోండి" అనేవాడు క్రేను డ్రైవరు.

"నీ నాలుక పెట్టు. మాకు కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

నవ్వుతూనే అందరూ మాట వినేవారు. మాత్రల విషయంలోనే ఆయన పెత్తనం సాగలేదు. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలను కంపెనీ చాలీచాలకుండా పంపేది. అందుకని క్యాంపులో ఒక మర్యాద పుట్టింది. ఇంటికి వెళ్లేవాడు తన దోమతెరనూ మిగిలిన మాత్రలనూ ఉండేవాళ్లకు ఇచ్చి పోవాలి. సంచిలో వేసుకుని పోయినవాణ్ణి పిసినారి అనేవారు.

తన వంతు వచ్చినప్పుడు అత్తగారు డబ్బా తీసి క్రేను డ్రైవరు చేతిలో పెట్టాడు.

"మరి మీకో?"

"నేను ఇంటికెళ్తున్నాను కదయ్యా. అక్కడివి మన దోమలే, మొహమాటపడతాయి."

ఇల్లు చేరాక కూడా కొన్ని వారాలు మాత్రలు మానకూడదని బయల్దేరే ముందు క్యాంపు నర్సు చెప్పింది. ఆ మాట ఆయనకు గుర్తులేక కాదు. ఎదుటివాడి డబ్బా ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకే చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు కప్పినా మంచం కదిలేలా వణుకు. బడికి వెళ్లే పిల్లల యూనిఫాంలు కుట్టే భార్య, మిషను ఆపేసి ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో ఆయన ఒకటే చెప్పాడు.

"నేను ఏ దేశం నుంచి వచ్చానో అక్కడ ఎత్తకు. మలేరియా అని కాగితం మీద పడితే, మనిషి బలహీనమని సూపర్‌వైజరు తర్వాతి బ్యాచిలో పేరు కొట్టేస్తాడు."

డాక్టరు చూసి, ఊళ్లో తిరుగుతున్న జ్వరమే అన్నాడు. చీటీ అందుకుని గుమ్మం దాకా వెళ్లిన భార్య, భర్త మొహం చూసి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"డాక్టరుగారూ, ఒక్క మాట..."

"ఏమే, నోర్మూసుకో!"

"మీరు ఊరుకోండి. బెల్టు లేకుండా టవరెక్కినవాణ్ణి కిందకు దిగేదాకా తిడతారట కదా! ఇప్పుడు మీ బెల్టేదీ?" అని డాక్టరుకు అంతా చెప్పేసింది.

డాక్టరు ఆ చీటీ వెనక్కి తీసుకుని చించేశాడు. రక్తపరీక్షలో మలేరియానే తేలింది, అందులోనూ ప్రాణం తీసే రకం. ఆ పూటే ఆయన్ను పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇంకో రోజు దాటితే మూత్రపిండాలు దెబ్బతినేవని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

ఆయనదే తప్పని తేల్చేయడం సులువు. కానీ పనివాళ్లు తమ ప్రాణం కాపాడే మందును ఒకరికొకరు పంచుకుంటుంటే, కంపెనీ ఆ మంచితనాన్ని తన మిగులుగా లెక్కవేసుకుంది. ఇవ్వాల్సిన మందు ఇవ్వనివాడి మీద పడాల్సిన పిసినారి ముద్ర, తన మందు తాను దాచుకున్నవాడి మీద పడింది.

లేచి కూర్చోగలిగిన రోజున ఆయన క్యాంపుకు ఫోను చేశాడు.

"అత్తగారూ! కోడళ్ల మీద బెంగ పట్టుకుందా?" అన్నాడు క్రేను డ్రైవరు.

"వెటకారం తర్వాత. ఇకమీదట ఇంటికొచ్చేవాళ్లు ఎవరి మాత్రలు వాళ్లే తెచ్చుకోవాలి. జ్వరమొస్తే ఎక్కడి నుంచి వచ్చారో డాక్టరుకు ముందే చెప్పాలి."

"మరి ఇక్కడుండే మాకో?"

"ఆ సంగతి కంపెనీనే అడుగుతాను."

అడిగాడు. కొత్త బ్యాచి వ్యాను ఎక్కబోతుంటే, ఇంకా తగ్గని నీరసంతోనే వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు. ఉన్నన్నాళ్లకూ, తిరిగొచ్చాక వాడాల్సిన వారాలకూ సరిపడా మాత్రలు చేతికివ్వందే ఎవరూ ఎక్కరన్నాడు. "ఇక్కడ కూడా అత్తగారి పెత్తనమేనా?" అన్నాడు సూపర్‌వైజరు. ముఠావాళ్లెవరూ నవ్వలేదు. సంచులు కింద పెట్టి వాటి మీదే కూర్చున్నారు.

మాత్రలు వచ్చాకే వ్యాను కదిలింది. ఆ బ్యాచిలో ఆయన పేరు లేదు. తర్వాతి బ్యాచిలోనూ లేదు. ఇప్పుడాయన ఊళ్లోనే ఇనుప గేట్లు బిగిస్తున్నాడు. కూలి తక్కువ. భార్య మిషను ఇంకాస్త ఎక్కువసేపు తిరుగుతోంది.

మొన్న క్రేను డ్రైవరు విమానం దిగి నేరుగా వాళ్లింటికే వచ్చాడు. సంచిలోంచి డబ్బా తీసి ఆడించి చూపించాడు. మాత్ర నోట్లో వేసుకోబోతూ, ఇంటావిడ ఇచ్చిన గ్లాసు వంక అనుమానంగా చూశాడు.

"వదినా, ఈ నీళ్లు మరిగాయా?"

"నోరు మూసుకుని మింగు" అన్నాడు అత్తగారు.