నీలం దీపాల ఇల్లు

ఆ రోజుల్లో, అంటే ఇంటికో సెల్‌ఫోను వచ్చిన కొత్తలో, నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, నల్లపాడులో కోడలిగా అడుగుపెట్టిన ఏడాది అది. అత్తవారింట్లో క్రిస్మస్ దీపాల శాఖ మావారి అన్నయ్యది. డిసెంబరు వచ్చిందంటే మా బావగారు వరండాలో పట్టా పరుచుకుని, అటక మీది సీరియల్ బల్బుల సెట్లన్నీ ముందేసుకుని కూర్చునేవారు. ఒక్క బల్బు మాడితే దండంతా ఆరిపోయే రకం. ఆ మాడిందేదో కనిపెట్టేలోపు ఇంకోటి మాడేది. పైగా మంచుకు వైర్లు తడిసి, గేటు ముట్టుకుంటే చురుక్కుమనేది. (ఇంటింటికీ పాటలతో వచ్చే క్రిస్మస్ క్యారల్స్ వాళ్లు మా గేటు దగ్గర కాస్త పైస్థాయిలో పాడేవారు.)

ఎల్‌ఈడీలు కొందామన్నాను. కరెంటు తక్కువ తాగుతాయి, ఒకటి పోయినా మిగతావి వెలుగుతాయి అన్నాను. "పట్టుకుంటే చల్లగా ఉండేదాన్ని దీపమంటారా అమ్మాయ్?" అన్నారు బావగారు. అంతే, నాకు పంతం పట్టుకుంది. గుంటూరు వెళ్లి షాపులన్నీ తిరిగాను. వైరు తొడుగు గోటితో గీరి చూశాను. ఆరుబయట వాడొచ్చని డబ్బా మీద ఉందో లేదో చదివాను. షాపాయన్ని కుర్చీలోంచి లేపి, ప్రతి దండా వెలిగించి చూపించమన్నాను. అన్నీ చూసిన నేను రంగొక్కటి సరిగా చూడలేదు. పట్టపగలు తెల్లగానే ఉన్నాయి మరి. సాయంత్రం వెలిగిస్తే ఇల్లంతా నీలంగా అయిపోయింది. మావారు చూసి లోపలికెళ్లిపోయారు. మార్చుకుని రమ్మన్నారు అత్తయ్య. వెలుగుతున్నాయి కదా, మార్చను అన్నాను.

పండగ ముందురోజు పొద్దుగూకగానే కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. బావగారి సెట్లు పెడితే కాసేపటికే కూతపెట్టే మా ఇన్వర్టరు నా దీపాల్ని కిమ్మనకుండా మోస్తోంది. ఆయన వచ్చి చూడాలని నడుం మీద చేతులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆయనకంటే ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. విపరీతంగా దగ్గుతున్న ఒక పెద్దాయన్ని కూతురు మెల్లగా దించింది. మిర్చి యార్డులో పనట, ఘాటుకి ఊపిరాడటం లేదట.

"డాక్టరుగారున్నారా అమ్మా?"

ఇది ఆస్పత్రి కాదన్నాను. ఆ అమ్మాయి నన్నూ, నీలం దీపాల్నీ మార్చి మార్చి చూసి, "మరి ఆస్పత్రి మాదిరి ఈ లైట్లేందండీ?" అంది. వెనకాలే వచ్చిన బావగారు అదే ఆటోలో ముందు కూర్చుని, వాళ్లను అసలు ఆస్పత్రికి తీసుకెళ్లారు.

ఆయన తిరిగొచ్చేసరికి అందరం భోజనాలకు కూర్చున్నాం. పెద్దాయనకు తేలికపడిందని చెప్పి, చేతులు కడుక్కుంటూ, "దారంతా చీకటేనంట, మనిల్లొక్కటే కనపడిందంట" అన్నారు. కంచం ముందు కూర్చుని, "ఉంచుకో అమ్మాయ్" అన్నారు. ఉంచుకోమని ఆయన అనడమేమిటి, నేను దించితే కదా. ఫిబ్రవరి దాకా దించలేదు. వీధిలో వాళ్లు మా ఇంటిని నర్సింగ్‌హోమ్ అంటుంటే తల ఇంకాస్త ఎత్తుకుని నడిచాను.

మొన్న పిల్లలు ఫోనులో ఏవో పసుపు దీపాలు చూపించి, ఇవి తెప్పిద్దామా అమ్మా అన్నారు. సరేనన్నాను. ఎంత కరెంటు తాగుతాయని కూడా అడగలేదు. తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అంత తేలిగ్గా సరేననే మనిషినని నన్నెవరైనా అప్పట్లో అనుంటే, వాళ్లతో పెద్ద గొడవే పెట్టుకునేదాన్ని.