కోటు లేని నాయన బొమ్మ

మంగళవారం పొద్దున ఆస్పత్రిలో డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటున్నాను. మా నాయన ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడు చేసినా ముందు వాన సంగతి చెబుతాడు. ఆ రోజు చెప్పలేదు. "మీ బొమ్మల మిస్సు పోయిందంట పాపా. తెల్లారుజామున," అన్నాడు. తర్వాత ఆయనే, "ఏడ్సాకు. రా," అని పెట్టేశాడు.

నేను ఏడవలేదు. నాకు ముందు వచ్చింది కోపం. ఆమెకు రావాల్సిన మర్యాద రాకుండా చేసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడన్న కోపం. చనిపోయిన వాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. నాకు మెత్తగా రాయడం ఆమె నేర్పలేదు.

ఆమె కళ్యాణదుర్గంలో మేం చదివిన ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. ఆ బడి పేరు ఇక్కడ రాయను. రాస్తే అదీ ఒక ప్రచారమే అవుతుంది. మా నాయన గొర్రెలు మేపేవాడు. కూతురికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలని పట్టుబట్టి నన్ను ఆ బడిలో వేశాడు. మా పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చిపోయేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా, జూన్‌లో బడి తెరిచిన వారానికి, ఫాదర్స్ డే అని పిల్లలందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. అది ఇంటర్నెట్లో దొరికిన బొమ్మకు ప్రింటు. కోటు, టై, చేతిలో పెట్టె, వెనకాల కారు. ఆ నాన్నకు రంగులు వేసి తేవాలి, శనివారం తండ్రులొచ్చి చూస్తారు. నేను ఆ రాత్రి దాన్ని ముందర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అందులో ఉన్న మనిషి ఎవరో నాకు తెలియదు. చివరికి కోటు మీద నల్లరంగు దిద్ది కంబళి చేశాను. పెట్టెను గొర్రెపిల్లగా మార్చాను. కారుకు కొమ్మలు గీసి తుమ్మచెట్టు చేశాను.

శనివారం బడి నడిపే కరెస్పాండెంటు గోడ మీది బొమ్మలన్నీ చూస్తూ వచ్చి నాది పీకి చేతిలోకి తీసుకున్నాడు. అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"చూడండప్పా! మేం కోటు తొడిగి ఇస్తే ఈ పాప కంబళి కప్పింది. గొర్రెలాయనకు కోటెందుకులే అనుకున్నట్లుండాది!"

కోట్లు లేని తండ్రులంతా కూడా నవ్వారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మా నాయన కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "అవును సామీ," అన్నాడు. నాకు ఈ రోజుకీ మండేది కరెస్పాండెంటు మాటకు కాదు, మా నాయన చేత ఆ నవ్వు నవ్వించినందుకు.

తండ్రులంతా వెళ్ళిపోయాక నేను బడి వెనక్కు పోయి పిడికిట్లో పట్టనంత రాయి తీసుకున్నాను. అక్కడ ఆయన కారు నిలబెట్టి ఉంది. చెయ్యి ఎత్తేసరికి వెనక నుంచి మిస్ గొంతు వినబడింది.

"ఆ రాయి ఎవురికి పాపా?"

"కారుకు మిస్."

"కారు ఏం చేసింది నిన్ను?"

ఆమె తిట్టలేదు, తప్పమ్మా అనలేదు. పక్కన వచ్చి నిలబడి కారును తనూ చూసింది.

"అద్దం పగిలితే వారంలో కొత్తది ఏపిచ్చుకుంటాడు. నిన్ను మాత్రం రేపే తరిమేస్తాడు. ఆయప్ప ఏండ్ల తరబడి యాదిపెట్టుకునేది ఏమన్నా చేద్దాం. రాయి ఆడ పెట్టు."

మరుసటి ఏడాది వరకూ ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆమె మరిచిపోయే మనిషి కాదు. మళ్ళీ జూన్ వచ్చింది. ఈసారి ఆమె తనే బొమ్మలు గీసి జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించి తరగతుల్లో పంచింది. గొర్రెల మందతో నిలబడ్డ నాయన. వేరుశనగ చెట్లు పీకే నాయన. ఆటో నాయన, బోరుబండి నాయన, బస్టాండులో మూటలు మోసే నాయన. ఒక కాగితంలో మాత్రం మనిషి ఆకారమే ఉంది, మొహం లేదు. తండ్రి లేని పిల్లలు ఎవరిని గీసుకుంటే వాళ్ళే. మా తరగతిలో ఒకమ్మాయి అందులో వాళ్ళ అవ్వను గీసింది, చుట్ట కాలుస్తున్నట్లు. మిస్ ఆ చుట్ట పొగకు రంగు ఎలా వేయాలో దగ్గర కూర్చుని చెప్పింది.

నా కంబళి చూసి, "ఉత్త నలుపేనా? ఎండలో చూడు పాపా, దాంట్లో ఎంత నీలముండాదో," అంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి మా నాయన భుజం మీది కంబళి చూశాను. నిజంగానే నీలం ఉంది.

ఆ శనివారం కరెస్పాండెంటు ఒక పెద్ద ఆఫీసరును పిలిపించాడు. ఆయన గోడ పొడవునా నడిచి, ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి, "ఇది కదా బడి అంటే. ఎవరమ్మా గీసింది?" అన్నాడు. మిస్ చెయ్యి ఎత్తింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. కరెస్పాండెంటు కూడా కొట్టాల్సి వచ్చింది. ఆ రెండు చేతులు తగిలీ తగలనట్లు తగలడం నేను కళ్ళారా చూశాను.

నెల తిరక్కుండా ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. అంతటితో ఆగలేదు. పిల్లల్ని ఎగదోస్తుందని ఊళ్ళోని మిగతా బళ్ళకు చెప్పిపెట్టాడు. ఎవరూ ఆమెను పెట్టుకోలేదు. పై ఏడు అడ్మిషన్ల కరపత్రం మీద ఆమె గీసిన గొర్రెల నాయన బొమ్మే అచ్చయింది. కింద మూలలో ఆమె సంతకం ఉన్న చోట తెల్లగా తుడిచేసి బడి పేరు వేశారు. నేనే ఆ కరపత్రం తీసుకుపోయి చూపించాను. చాలాసేపు చూసింది.

"పేరు తుడిసేసినాడు. చెయ్యి నా దగ్గరే ఉండాది కదా," అంది.

ఆ తర్వాత ప్రతి జూన్‌లోనూ, ఆ శనివారం పొద్దున, ఆమె కొత్త బొమ్మల కట్టతో ఆ బడి గేటు ఎదురుగా రోడ్డుకు అవతల నిలబడేది. ఆటోలు దిగే పిల్లలందరికీ ఊరికే ఇచ్చేది. లోపల బడి వాళ్ళిచ్చే కోటు బొమ్మలు బెంచీల మీదే మిగిలిపోయేవి. ఒకసారి కరెస్పాండెంటు బయటికొచ్చి, "ఏమమ్మా, ఈడ నిలబడాకు," అన్నాడు.

"ఏం సారూ, ఈ రోడ్డు మీ నాయనదా?" అంది మిస్.

ఆటోవాళ్ళు ఆ మాట ఊరంతా మోశారు. రెండేళ్ళకు ఆ బడి ఫాదర్స్ డే జరపడమే మానేసింది. మిస్ మాత్రం నిలబడటం మానలేదు.

బతుకుతెరువుకు ఇంటి ముందు గదిలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. పెన్సిళ్ళు బ్లేడుతోనే చెక్కేది, చెక్కే మిషను ముట్టేది కాదు. అరిగిపోయిన రంగు ముక్కలన్నీ ఒక గాజు సీసాలో వేసి ఉంచేది. ఏడాదికి ఆ ఒక్క శనివారం తప్ప ఆ బడి ఉన్న వీధిలో ఇంకెప్పుడూ నడవలేదు, కూరగాయలకు చుట్టు తిరిగి పోయేది. "పోనీ మిస్, ఇడిసిపెట్టు," అని నేనే ఒకసారి అన్నాను. నా వైపు తిరిగి చూసింది. "ఇడిసిపెట్టమని చెప్పేటోళ్ళంతా దెబ్బ తిననోళ్ళే పాపా. నువ్వు తిన్నావు. నువ్వు గూడా చెప్తే ఎట్లా?" అంది. అప్పటి నుంచి ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పోయిన ఏడు ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచాన పడిందని తెలిసి కరెస్పాండెంటు మనిషితో ఆపిల్ పండ్ల బుట్ట పంపాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆయాసపడుతూనే పక్కింటి మేకకు వేయమంది. వేసి వచ్చాను.

"తినిందా?"

"తినింది మిస్."

"ఏం చేస్తాం. దానికి రోషం లేదు," అని నవ్వి కళ్ళు మూసుకుంది. నేను ఆమె నవ్వు చూడటం అదే ఆఖరు.

పదకొండో రోజు ఆమె ఇంటి ముందు షామియానా వేశారు. వీధి మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. "మా పాఠశాల ఆణిముత్యానికి కన్నీటి నివాళి." అందులో ఆమె ఫొటో కంటే కరెస్పాండెంటు ఫొటో పెద్దది. కాసేపటికి ఆయనే గులాబీల దండతో వచ్చాడు. జనమంతా లేచి నిలబడ్డారు. మైకు తీసుకుని, ఆమె తమ కుటుంబ సభ్యురాలనీ, ఆమె గీసిన బొమ్మలు ఈనాటికీ తమ బడికి గర్వకారణమనీ చెప్పాడు. దండ పట్టుకుని ఆమె ఫొటో వైపు నడిచాడు.

నేను పోయి ఫొటోకు అడ్డంగా నిలబడ్డాను. 

"సారూ, కరపత్రం మీద బొమ్మ కింద ఆయమ్మ పేరుండె. ఎవురు తుడిసినారు?"

"ఎవురు పాపా నువ్వు?" అన్నాడు. ఆయనకు నేను గుర్తే లేను.

"గొర్రెలాయన కూతుర్ని."

అప్పుడు కొంచెం గుర్తొచ్చినట్లుంది. "చావింట్లో ఇవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు?"

"ఆయమ్మ బతికుండంగా అడిగే ధైర్యం నాకు లేకపాయె. ఈ పొద్దు వచ్చింది. ఆ దండ ఆయమ్మకు ఏయొద్దండి."

ఆయన మిస్ భర్త వైపు చూశాడు. సైకిల్ షాపు పెట్టుకున్న మనిషి, జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఆయన తల దించుకునే, "పాప చెప్పిందే మా మాట సార్," అన్నాడు.

కడుపు చల్లబడిందా అని మీరు అడగొచ్చు. చల్లబడింది. అబద్ధమెందుకు? మిస్ చూడలేదే అన్నదొక్కటే బాధ.

కరెస్పాండెంటు దండను ఒక ఖాళీ కుర్చీలో పెట్టి వెనక్కు తిరిగాడు. షామియానా కింద వరసల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. ఇందాక లేచిన వాళ్ళు ఈసారి లేవలేదు. చివరి వరసలో మా నాయన టీ తాగుతున్నాడు. కరెస్పాండెంటు తన ముందు నుంచి పోతున్నప్పుడు కాలు కూడా వెనక్కు లాక్కోలేదు. గ్లాసు కింద పెట్టలేదు. తలెత్తి ఆయన మొహంలోకే చూస్తూ, ఇంకో గుటక వేశాడు.