ఎక్కడానికి పనికిరాని రెయిలింగ్

ఆదివారం పూట వియత్నాంలోని హైఫాంగ్ సందుల్లో మగాళ్లంతా టీ కొట్ల ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటే, క్వెత్ మాత్రం తన ఖర్మకొద్దీ మెట్ల మీద నిలబడి గోడ దుమ్ము మింగుతున్నాడు. పక్షవాతం నుంచి కాస్త కోలుకున్న కొత్తలో వాళ్లమ్మ థోవా పై అంతస్తు నుంచి దిగుతూ జారిపడింది. అప్పట్నుంచి ఆవిణ్ని పైకి వెళ్లనివ్వడం లేదు. తెల్లారితే తండ్రి తద్దినం. చనిపోయిన పెద్దలకు మొక్కే పీఠం పై అంతస్తులో ఉంది. అగరొత్తులు తన చేత్తోనే వెలిగించాలని ఆవిడ పట్టుబట్టింది.

పీఠాన్నే కిందికి దించుదామని క్వెత్ భార్య మియెన్ సలహా ఇచ్చింది. "ఆయన నెత్తిమీద మీరంతా నడుస్తారా?" అని అత్తగారు అడిగేసరికి ఆ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక మిగిలింది రెయిలింగ్. మెట్లకు ఒకపక్క ఉన్నది ప్లైవుడ్ చెక్క, దానికి మేకు కూడా ఆగదు. రెండో పక్క గోడ. అదైనా సవ్యంగా ఉందా అంటే, లోపలన్నీ బోలు ఇటుకలు. స్క్రూ బిగిసినట్టే బిగిసి చివర్న గిర్రున తిరిగేది. క్వెత్ ఊడదీసి, చిల్లులో సిమెంటు కూరి, అది ఆరేదాకా పళ్లు నూరుతూ కూర్చుని, మళ్లీ బిగించాడు. మళ్లీ ఊడింది. కట్టిన మేస్త్రీని, ఇటుకలు అమ్మినవాణ్ని, కట్టించిన తండ్రిని కలిపి తిట్టిపోశాడు. తద్దినం గుర్తొచ్చి తండ్రిని తిట్టింది మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

మధ్యలో థోవా కింది మెట్టు దగ్గరికొచ్చి, "ఒరేయ్, ఆ పక్కన పెడితే నాకు..." అంటూ ఏదో చెప్పబోయింది.

"అమ్మా, నీకు దండం పెడతా, కాసేపు నోరు మూసుకుని కూర్చో. అయ్యాక పిలుస్తా."

ఆవిడ వెళ్లి కూర్చుంది.

ఇటుకల్ని వదిలేసి, వాటి మధ్య అతుకుల్లో పొడుగు స్క్రూలు దింపాక సాయంత్రానికి రెయిలింగ్ నిలబడింది. తల్లి పడింది దిగేటప్పుడు కదా అని, ఎడంచేత్తో పట్టుకుని కళ్లు మూసుకుని దిగి చూశాడు. బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు పిలిస్తే థోవా వచ్చి మెట్ల ముందు నిలబడింది. ఎక్కేటప్పుడు గోడ కుడిపక్కకి వస్తుంది. ఆవిడకు పడిపోయింది కుడిచెయ్యే. దాన్ని ఎడంచేత్తో ఎత్తి రెయిలింగ్ మీద పెట్టుకుంది. చెయ్యి జారి కిందికి వాలిపోయింది. క్వెత్‌కు ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే.

"చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పనిచ్చావా?"

వీపు మీద మోసుకెళ్తానంటే ఆవిడ వద్దంది. మెల్లగా వెనక్కి తిరిగి, ఎడంచేత్తో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనకడుగుతో ఎక్కడం మొదలుపెట్టింది. క్వెత్ చేతులు చాచి, ఆవిడకు ఎదురుగా కింది మెట్టు మీదే ఉంటూ ఎక్కాడు. పీఠానికి వీపు పెట్టడమంటే ఆ ఇంట్లో మహాపచారం.

"నాన్నకి వీపు చూపిస్తున్నావమ్మా."

"ఎందుకో ఆయనకి చెప్పుకుంటాలే," అంది థోవా, ఇంకో మెట్టు ఎక్కుతూ. "ఆయన నన్ను చెప్పనిచ్చేవాడు."