కోయని పడుగు

2022 శ్రావణం. అప్పటికే ఆదోనిలో ఒక బట్టల కొట్టు మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడుస్తోంది. ఆదివారాలు మాత్రం బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళి, అక్కడొక అద్దె గదిలో పెద్దవాళ్ళ బ్యాచ్‌కు పాఠం చెప్పేదాన్ని. పిల్లలకు చెప్పడం కంటే పెద్దవాళ్ళకు చెప్పడం కష్టం. తప్పు మాట్లాడితే పరువు పోతుందని నోరు విప్పరు. నాకా, ఓపిక తక్కువ. ‘నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా, రాలిపోతాయని భయమా?’ అని కసురుకునేదాన్ని.

ఆ బ్యాచ్‌లో నా చేత ఆ మాట అనిపించుకోనిది ఉరుకుందమ్మ ఒక్కతే. చేనేత ఇంటి కోడలు. భర్త ఈరన్న మగ్గం నేస్తాడు, ఈమె నూలు కండెలు చుడుతుంది, అతను లేచినప్పుడు తనే మగ్గంలో కూర్చుంటుంది. ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం. షావుకారు నూలు ఇస్తాడు, వీళ్ళు చీరలు నేసి ఇచ్చి కూలి తీసుకుంటారు. ఈరన్న తండ్రి కాలం నుంచీ అంతే.

ఆమెకు ఇంగ్లీషు అవసరం ఎందుకొచ్చిందంటే, కర్నూలు ఎగ్జిబిషన్‌లో ఒకావిడ ఆమె తనే నేసి కట్టుకున్న చీర చూసి ఆగిపోయింది. బెంగళూరులో చేనేత బట్టల షాపు నడుపుతుందట. తెలుగు రాదు, మాట్లాడితే ఇంగ్లీషే. వినాయక చవితి లోపల రెండు శాంపిల్ చీరలు పంపమంది. నచ్చితే దసరాకు ఆర్డరు, ఆ పైన ఏడాది పొడుగునా పని. అంటే కూలికి నేయడం పోయి, సొంతానికి నేసుకునే రోజులొస్తాయన్నమాట.

మా పాఠాల్లో ‘టైమ్ ఎక్స్‌ప్రెషన్స్’ అని ఒకటుంది. కాలం గడిచిపోవడానికి, అవకాశం పోవడానికి ఇంగ్లీషులో వాడే మాటలు. ‘టైమ్ ఫ్లైస్’ అంటే చూస్తుండగానే రోజులు గడిచిపోవడం. ‘మిస్ ది బస్’ అంటే ఆలస్యం చేసి అవకాశం పోగొట్టుకోవడం. ‘స్లిప్ అవే’ అంటే కళ్ళముందే మెల్లగా జారిపోవడం. ‘పాస్ అప్’ అంటే ముంగిట్లోకి వచ్చినదాన్ని మనమే వద్దనుకోవడం. ఒక్కొక్కరూ తమ బతుకులోంచి ఒక వాక్యం చెప్పాలని నా నియమం. పుస్తకంలోది అప్పజెబితే ఒప్పుకోను.

ఆ ఆదివారం ఉరుకుందమ్మ లేచి, ‘మై ఛాన్స్ ఈజ్ స్లిప్పింగ్ అవే’ అంది. వాక్యం తప్పులేకుండా వచ్చిందని శభాష్ అన్నాను. ఆ తర్వాత గానీ ఆమె మొహం చూడలేదు.

క్లాసయ్యాక ఆపి అడిగాను.

“మగ్గం మీద సావుకారి పడుగు ఉండాది మేడమ్. అది అయిపోతే గానీ శాంపిల్‌ది ఎక్కియ్యలేము. వానలకు కాళ్ళు పెట్టే మగ్గం గుంతలో నీళ్ళూరుతాండాయి, నేత సాగడంల్యా.”

పడుగంటే మగ్గానికి నిలువుగా సాగదీసి కట్టే నూలు. ఒకసారి ఎక్కిస్తే వరసగా కొన్ని చీరలు దిగుతాయి. మధ్యలో కోసి దించవచ్చు. కొంత నూలు దండగవుతుంది, అంతే. నాకు ఆగలేదు. ఆమె వెంట వాళ్ళింటికే పోయాను.

“కోసి దించప్పా ఈరన్నా! నూలు నష్టం కావాలంటే తర్వాత కట్టిద్దువు” అన్నాను.

ఈరన్న మగ్గంలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు. “అట్ల సేసేకి రాదు మేడమ్. కరోనాలో ఈ ఊర్లో చీర కొనేటోడు ల్యాకపాయె. అప్పుడు కూడా ఆయప్ప మాకి నూలు ఆపలే. ఇప్పుడు ఆయన పడుగు కోసి పక్కనేసి ఇంకొకరిది ఎక్కిస్తే తిన్నింటి వాసాలు లెక్కబెట్టినట్ల గాదా?”

“మంచితనం ఉండాల్సిందే. మరీ ఇంత పనికిరాదు!”

“మీకేం మేడమ్, సెప్పిపోతారు. రేపు ఆయన మొగం సూడాల్సింది నేను గదా.”

ఉరుకుందమ్మ కండెల గంప తెచ్చి అతని పక్కన పెట్టింది. ఇద్దరూ వంతులవారీగా నేశారు. ముసురు మాత్రం వదల్లేదు. చవితి వచ్చింది, పోయింది. షావుకారి చీరలు ఇంకా మగ్గం మీదే ఉన్నాయి.

బెంగళూరు ఆవిడ ఫోన్ ఒక ఆదివారం క్లాసులో ఉండగానే వచ్చింది. నాకూ వినబడాలని ఉరుకుందమ్మ స్పీకర్ పెట్టింది. ఆవిడ మర్యాదస్తురాలు. సారీతో మొదలుపెట్టి, ‘వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ టైమ్’ అంది. ఇక గడువు లేదు, పని వేరేవాళ్ళకు ఇచ్చేశానని అర్థం. నేను తెలుగులో చెప్పబోయాను. ఉరుకుందమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

‘ఐ అండర్‌స్టాండ్, మేడమ్. థాంక్యూ ఫర్ ఆస్కింగ్ అస్’ అని ఫోన్ పెట్టేసింది.

ఎక్కడా తడబడలేదు. పాఠం అంత బాగా వచ్చినందుకు ఏ టీచరైనా సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది.

పడుగు ఎట్లో అయిపోయింది. చీరలు అప్పజెప్పడానికి భార్యాభర్తలు షావుకారి ఇంటికి పోతుంటే నేనూ వెంటబడ్డాను. నా కడుపుమంట నాది. షావుకారు అరుగు మీద కూర్చున్న ముసలాయన. చీరలు మడత విప్పి చూస్తున్నాడు. ఈరన్న వద్దని సైగ చేస్తున్నా వినకుండా అనేశాను. “మీ పడుగు కొయ్యకూడదని వీళ్ళు బెంగళూరు ఆర్డరు పోగొట్టుకున్నారు, తెలుసునా మీకు?”

ఆయన చీర కింద పెట్టి, జరిగింది మొత్తం చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఈరన్న వైపు తిరిగాడు.

“ఓరి పిచ్చోడా! నా గోడౌన్లో పోయినేటి చీరలే మూలుగుతాండాయి. ఇవి నెల ఆలస్యమైతే నాకేం పోయె? అడిగింటే నేనే కోసుకోమని సెప్పుందు గదప్పా!”

 ఉరుకుందమ్మ మెల్లగా అంది. “మిమ్మల్ని అట్ల అడిగేకి మాకి నోరు యాడ వస్తుందయ్యా?”

“అడగందే అమ్మైనా పెట్టదు గదమ్మా” అన్నాడాయన. గొంతులో కోపం లేదు, బాధే ఉంది. ఆయనైనా ఏం చేస్తాడు? ఆర్డరు అప్పటికే ఎవరి మగ్గం మీదో ఉంది. ఇంకో పడుగు నూలు తెచ్చి ఈరన్న చేతిలో పెట్టాడు. ఈరన్న తీసుకున్నాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఇదే. ఆ షావుకారు చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో రెండు వీధులు దాటి పోయి అడగాల్సిన ఒక్క మాట అడగక, ఒక కుటుంబానికి వచ్చిన మంచి రోజు వచ్చినదారినే వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా వచ్చి, ‘మా మేనేజర్ సెలవివ్వడు మేడమ్’, ‘మా ఇంట్లో ఒప్పుకోరు మేడమ్’ అంటే, పాఠం పక్కన పెట్టి ముందు ఒకటే అడుగుతాను, “అడిగినారా?” అని. చాలామంది అడిగి ఉండరు. పుస్తకం మూయించి పంపిస్తాను, పోయి అడిగి రమ్మని. కొందరు నవ్వుకుంటూ తిరిగొస్తారు.

‘పోయి షావుకారిని ఒక మాట అడగండి’ అని ఆ రోజు నాకూ తోచలేదు. ఆ మాట మీరైనా ఎందుకు చెప్పలేదని ఉరుకుందమ్మ ఇంతవరకూ నన్ను అడగలేదు. అందుకూ ఆమెకు నోరు రాలేదేమో.