కొత్తనీళ్లు నింపిన లొట్టి

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలు ఒకటా రెండా! బడికి సెలవని చెప్పి ఇంట్లో పడుకున్నాను, బెల్లం ముక్క పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పాను. అవన్నీ చెల్లిపోయాయి. చెల్లనిది ఒక్కటే, అది గోదావరి నీళ్ల గురించి ఆడినది.

మాది వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. వరుసగా రెండేళ్లు పంటలు ఎండిపోతే మా బాపు మస్కట్ పోయాడు. ఆ రోజుల్లో మా వాడలో సగం మంది మగవాళ్లు అట్లాగే పోయారు. మిగిలింది ముసలివాళ్లూ, బీడీలు చుట్టుకునే అమ్మలూ, మేమూ. బాపు మూడేళ్ల తర్వాత పదిహేను రోజుల సెలవు మీద వచ్చాడు. ఈలోగా నేను ఈత నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ల ఆడపిల్ల గోదావరి మడుగులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుందంటే మాటలా! అది బాపుకు చూపించాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆయనేమో తెచ్చిన చీరలూ సెంటు సీసాలూ చుట్టాలకు పంచుతూ కోరుట్ల, సిరిసిల్ల తిరగడంలోనే పది రోజులు గడిపేశాడు. తీరా ఇంటిపట్టున ఉందామనుకునే సరికి మృగశిర కార్తె పెట్టి మిరుగు వాన దంచికొట్టింది. గోదావరికి కొత్తనీళ్లు వచ్చాయి.

కొత్తనీళ్లంటే మా దగ్గర సంబరమే. ఆడవాళ్లు పసుపు కుంకుమలు వేసి మొక్కుతారు, పిల్లలు ఎగిరి దూకుతారు. ఆ ఎర్రటి నీళ్లు ఎండాకాలమంతా ఊళ్లలో పేరుకున్న పెంటనూ మురికినీ కడుక్కుని వస్తాయని ఎవరికీ పట్టదు. కిందటేడు అట్లా దూకి మా వాడ పిల్లలం వాంతులు, విరేచనాలతో మంచం పట్టాం. కొందరికి చెవుల్లో చీము కారింది. నాకైతే జగిత్యాల దవాఖానలో మూడు రోజులు గ్లూకోజు ఎక్కించారు.

అప్పటినుంచి మా ఎదురింటి తాత ఒక కట్టడి పెట్టాడు. ఆయన కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. మాట మెత్తన, మనిషి మహా మొండి. దవాఖాన నుంచి అమ్మ తెచ్చిన ఖాళీ గ్లూకోజు సీసాను అడిగి తీసుకున్నాడు. కొత్తనీళ్లు వచ్చాయంటే రోజూ పొద్దున్నే దాని నిండా నది నీళ్లు పట్టి తన వాకిట్లో గద్దె మీద పెట్టేవాడు. సీసా వెనక వేలు పెడితే గోరు కనిపించాలి, అప్పుడే ఈత. తేటగా కనిపించే నీళ్లలో కూడా క్రిములు ఉంటాయని ఈ కాలం డాక్టర్లు అంటారు, నిజమే. కానీ ఆ రోజుల్లో మమ్మల్ని ఆపడానికి ఆ మాత్రం కొలత పెట్టినవాడు కూడా ఆయన తప్ప ఇంకొకరు లేరు.

బాపు ప్రయాణం ఇంకా రెండు రోజులుంది. సీసాలో నీళ్లు చింతపండు పులుసులాగే ఉన్నాయి. నేను తాత కాళ్లావేళ్లా పడ్డాను. "మీ బాపు సెలవు సంగతి గోదారికి ఎర్కనా బిడ్డా?" అని నవ్వి, మోకు భుజాన వేసుకుని చెట్ల వైపు పోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన చెట్టెక్కగానే సీసా ఒంపేసి, బోరింగు కొట్టి మంచినీళ్లు నింపి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. తాటిచెట్టు ఎక్కినవాడికి ఊళ్లోని ప్రతి వాకిలీ కనిపిస్తుందన్న ఇంగితం నాకెక్కడిది!

తాత దిగివచ్చేసరికి నేను బాపును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టాను. తాత సీసా వెనక వేలు పెట్టి చూశాడు. "అబ్బో, ఒక్క పూటలనే తేటవడ్డయే! తాగు మరి," అన్నాడు. బోరింగు నీళ్లకు భయమేమిటి, గటగటా తాగేశాను. తాత ఒక కొత్త లొట్టి పట్టుకుని మమ్మల్ని నది దగ్గరికి నడిపించాడు. కల్లు పట్టే ఆ మట్టికుండను నీళ్లలో ముంచి నా చేతికిచ్చాడు. నురగ, పేడ, ఎవరిదో తెగిన చెప్పు పట్టీ తేలుతున్న చోటే ముంచాడు.

"గా నీళ్లే గదా గివి. ఎండల నడిచచ్చిండు, మీ బాపుకు తాపు."

బాపు నా చేతిలోంచి లొట్టి తీసుకున్నాడు. లోపలికి చూడనైనా లేదు. "నా బిడ్డ మంచియన్నదంటే మంచియే," అని పైకెత్తాడు. నేను కెవ్వున అరిచి రెండు చేతులతో కొట్టాను. లొట్టి రాయి మీద పడి పెంకులైంది. ఇక ఏడుపు ఆగలేదు, చేసిందంతా ఏడుస్తూనే చెప్పేశాను.

తాత తిట్టలేదు. పక్కన చతికిలబడి నా ముక్కు తుడిచాడు. "తాగనియ్యని నీళ్లల్ల మునుగనిస్తవా? ఈత కొట్టెటోడు మునిగినప్పుడల్లా ఇన్ని తాగుతనే ఉంటడు పిల్లా," అన్నాడు. బాపు ముందు బిత్తరపోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "మామా, గీ పొల్ల నిన్నే ముంచవోయింది గదనే!"

మర్నాడు తాత మమ్మల్ని తన మక్కచేను బావికి తీసుకుపోయాడు. చుట్టూ ఎత్తుగా గోడ ఉండడంతో నేల మీద పారే వాననీళ్లు అందులోకి రావు. కానీ బావంటే నాకు చచ్చే భయం, మడుగులోలాగా కాలికి ఇసుక తగలదు. బాపు మెట్లు దిగి మోకాళ్ల లోతులో నిలబడ్డాడు. ఆయనకు ఈత రాదు. "ఆడ పనికి పోయే బస్సుల నుంచి దినాం సముద్రం కనవడ్తది బిడ్డా. మూడేండ్లల్ల ఒక్కసారి కాలు వెట్టలే," అన్నాడు. ఆ మాట వినగానే నేను దూకేశాను. ఎట్లా కొట్టానో, ఎన్ని నీళ్లు మింగానో తెలియదు. అవతలి గోడ ముట్టి తిరిగి వచ్చి బాపు కాళ్లు పట్టుకున్నాను. ఆయన నన్ను ఎత్తి భుజాన వేసుకుని వేసిన కేకకు బావి గూళ్లలోని పావురాలన్నీ లేచిపోయాయి. అంత సంతోషం నేను నా పెళ్లిలో కూడా పడలేదు, అబద్ధమెందుకు.

మరునాడు బాపు బొంబాయి బస్సెక్కాడు. ఇప్పుడు నా మనుమలకు నేను చాదస్తపు ముసలిదాన్ని. కొత్తనీళ్లు వస్తే ఒడ్డున కూర్చుని ఒక్కరినీ దిగనివ్వను. కానీ ఆనాటి నుంచి నాతో ఉండిపోయింది నీళ్ల భయం కాదు. నా మాట మీద ఎవరైనా చూడకుండా దేన్నయినా నోటి దగ్గరికి ఎత్తుకుంటుంటే, ఈ వయసులో కూడా నా రెండు చేతులూ ఒక్కసారి ముందుకు లేస్తాయి. చెప్పింది నిజమేనని గుర్తొచ్చాకే దించుతాను.