రొయ్య మెచ్చిన నీళ్లు

మా మరిది శివశంకర్ పసుపు రంగు కారు కొన్నాడని తెలిసి కోట ఊరి చుట్టుపక్కల రొయ్యల రైతులంతా వచ్చి చూసిపోయారు. చూశాక ఏమనాలో ఎవరికీ తోచలేదు. ఉన్నవి రెండే సీట్లు. మేత బస్తా పెట్టుకుందామంటే చోటు లేదు. నేలకు జానెడు ఎత్తు. ఎక్కాలంటే చతికిలబడాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యిచ్చి లాగాలి. చెన్నైలో ఎవరో కుర్రాడు మోజు తీరా ఉరికించి వదిలించుకున్న స్పోర్ట్స్ కారు అది. మా రోడ్ల మీద స్పీడు బ్రేకరు వస్తే పక్కనున్న మనిషి దిగి, అడుగు తగులుతుందేమో వంగి చూడాలి.

"ఇదెందుకు మరిదీ?" అని అడిగాను.

"రెండే సీట్లు గదొదినా," అన్నాడు, అదేదో పెద్ద జవాబైనట్టు.

అసలు సంగతి తర్వాత ఉష చెప్పింది. ఉష అతని పెళ్లాం, మా పిన్నమ్మ కూతురు, కావలి ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. పెళ్లయి ఇక్కడికి వచ్చిన నాటి నుంచి మొగుడూ పెళ్లాం కలిసి సరదాగా గడప దాటింది లేదు. రొయ్యల గుంట చంటిబిడ్డ కన్నా అన్యాయం. కరెంటు పోయి నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగాయంటే, గాలాడక రొయ్యలన్నీ పైకి తేలతాయి. ఎవరో ఒకరు గట్టు మీద కాపలా ఉండాల్సిందే. ఎప్పుడైనా జీపులో బయల్దేరినా మేత బస్తాలు, కూలీలు, దారిలో చెయ్యెత్తిన చుట్టాలు. రెండే సీట్లయితే మూడో మనిషి ఎక్కలేడు. ఈసారి రొయ్యల పట్టుబడి కాగానే గుంట ఎండగడతారు కదా, ఆ ఖాళీలో తనను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద కావలి దాకా తీసుకుపోతానని మాటిచ్చాడట. అదంతా నవ్వుతూ చెప్పిందే గానీ, పెట్టెలోని ఆకుపచ్చ చీర తీసి అప్పుడే ఎండలో ఆరేసి ఉంది.

కాబట్టి పట్టుబడి దాకా కారు బతకాలి. అదేమో బతికేలా లేదు. మొదట తలుపు కింద తుప్పు చుక్కలు కనిపించాయి. తర్వాత సైలెన్సరు ఊడి పడింది. ఆ తర్వాత బ్రేకులు బిగుసుకుపోయాయి. నెల్లూరు నుంచి ఫ్రెడ్డీ అనే మెకానిక్కును పిలిపిస్తే, అతను కారు కిందికి దూరి అటూ ఇటూ తట్టి చూశాడు.

"అన్నా, బండిని సముద్రంలో దించినారా?" అన్నాడు బయటికొచ్చి.

"ఇంటి ముందు నుంచి కదిలితే గదా!"

"మరి ఇట్టా ఎట్టా అయింది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానబ్బా?"

ఉప్పుగాలి అన్నాడు ఫ్రెడ్డీ చివరికి, బ్రేకులు బాగుచేసి పోతూ. మా మరిది కారుకు టార్పాలిన్ పట్టా కుట్టించి కప్పాడు. తుప్పు ఆగలేదు. దిష్టి అన్నారు ఎవరో. గుమ్మడికాయ కొట్టాడు, నిమ్మకాయలు కట్టాడు. తుప్పు ఇంకా పైకి పాకింది.

"ఎదురింటి హరినాథ్ కారు చూడొదినా, కడిగే దిక్కు లేక ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుని పడుండాది. దానికి లేదే తుప్పు! అదే గాలి, అదే ఊరు. నేను బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటా ఉండా. నాకే ఎందుకిట్టా?"

నాకేం తెలుసు? నాకు నవ్వొచ్చేది, అతని మొహం చూస్తే జాలీ వేసేది. నిజంగానే బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. రోజూ పొద్దు వాలే వేళ గుంట బోరు నుంచి పైపు లాగి కారును తలంటినట్టు కడిగేవాడు. ఉష కూర్చునే వైపైతే కింది నుంచి, పక్క నుంచి, కాళ్ల కింది చాప ఎత్తి మరీ నీళ్లు కొట్టేవాడు, ఆకుపచ్చ చీరకు మట్టి అంటకూడదని. తుప్పు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువసేపు కడిగాడు.

పట్టుబడి ముందు రోజు నేను అక్కడే ఉన్నాను. ఉష వైపు చాప ఎత్తి గుడ్డతో అదిమి తుడుస్తున్నాడు. చెయ్యి కారు అడుగులోంచి దిగబడి కింద నేలకు తగిలింది. చేతిని వెనక్కి తీసుకుని, ఆ బొక్కలోంచి కనిపిస్తున్న ఇసుకను చూస్తూ కూలబడ్డాడు.

వంటింట్లోంచి పప్పుగరిటెతో ఉష వచ్చింది. కారును చూసింది, ఇంకా కారుతున్న పైపును చూసింది.

"ఏమయ్యా, రోజూ ఈ నీళ్లతోనా కడిగేది?"

"ఇంకేం నీళ్లుండాయి?"

"వీటితో కందిపప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. అందుకే గదా నేను పప్పుకు క్యాను నీళ్లు పోసేది."

"నీళ్లకేమైంది? పొద్దునే చూసినా, ఉప్పు సరిగ్గా ఉండాది."

"సరిగ్గా అంటే?"

"రొయ్యకు సరిగ్గా," అన్నాడు. అన్నాక, కారుతున్న పైపును కాలితో కారుకు దూరంగా నెట్టాడు.

రోజూ పొద్దున్నే ఆ నీళ్ల చుక్క పరికరంలో వేసి, కంటికి ఆనించి ఉప్పు చూసే మనిషి! ఆ బోరంటే ఊళ్లో అందరికీ గొప్ప, దాని చలవతోనే అతని రొయ్య నిగనిగలాడుతుందని. తన దగ్గరున్న వాటిలో మేలైన నీళ్లే కారుకు పోశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేను పగలబడి నవ్వాను. అతను నవ్వలేదు. ఉష తల వైపు చూస్తున్నాడు.

పెళ్లినాడు దాని జడ నా మణికట్టంత ఉండేది. ఇప్పుడు ఎలకతోక.

"నువ్వు తలకేం నీళ్లు పోసుకుంటావు?" అని అడిగాడు మెల్లగా.

"క్యాను నీళ్లు తాగేదానికీ పప్పుకీ చాలవు. తలకెక్కడివి?"

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పినాను, వచ్చిన కొత్తలో. 'రొయ్యకు బాగుండాయి గదా, నీకేమి?' అన్నావు."

నేను నవ్వడం మానేశాను. దాని పెళ్లి కుదిరినప్పుడు, ఇన్ని గుంటలున్న ఇల్లు, అదృష్టమంటే నీదే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను మరి. అతనికి ఏం అర్థమైందో, ఏం కాలేదో ఆ పూట నాకు తెలియలేదు.

పట్టుబడి అయిన మర్నాడు బొక్క మీద చెక్క బిగించి, ఇద్దరూ బయల్దేరారు. మిగతాది ఉష ఫోనులో చెప్పింది. నెల్లూరు దాటి కొడవలూరు దగ్గర వరిమడికి మోటారు ఆడుతుంటే కారు పక్కకు తీసి ఆపాడట.

"ఒక్కసారన్నా దీనికి తియ్యటి నీళ్లు పోద్దాం," అని బకెట్టు పట్టుకుని, మడి రైతును అడిగి, గట్టు దిగాడు. ముందు దోసిట పట్టి రుచి చూసి, పెళ్లాం వైపు తిరిగాడు.

వెనకే ఉష దిగింది. ఆకుపచ్చ చీర కొంగు బిగించి, జడ విప్పి, పైపు కింద తల పెట్టింది.

"ఎంత మెత్తగా ఉండాయో అక్కా, మా కావలి నీళ్ల మాదిరే," అంది ఫోనులో.

మడి రైతు ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా, అతను బకెట్టు నింపి దాని తల మీద పోశాడట. మళ్లీ నింపి, మళ్లీ పోశాడట.

కారు మాత్రం దారి దుమ్ముతోనే కావలి చేరింది.